మన పేరు రాసుకున్న విమానాలు

1942 ఏప్రిల్ 6, సోమవారం. ఈస్టర్ మర్నాడు. జపాను విమానాలు బంగాళాఖాతం మీదుగా వచ్చి కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు విశాఖపట్నం మీద కూడా వేశాయి. ఆ యుద్ధంలో భారతదేశపు ప్రధాన భూభాగం మీద శత్రువు వేసిన తొలి బాంబులు అవే. కలకత్తా వంతు ఆ ఏడాది డిసెంబరులో వచ్చింది, మద్రాసు వంతు ఆ మరుసటి ఏడు. అందరికంటే ముందు దెబ్బ తిన్నది మన తీరం.

ఇంతవరకు మన జిల్లాల్లో చాలామందికి తెలుసు. కాకినాడలో పాతతరం ఇళ్లలో ఇప్పటికీ ఈ మాట వస్తూనే ఉంటుంది. దీనికి ముందు జరిగినదే ఎవరూ చెప్పుకోరు. అది డబ్బు సంగతి, అందులో మన రెండు గోదావరి జిల్లాల డబ్బు కూడా ఉంది.

1940లో జర్మనీ విమానాలు లండన్‌ను కాల్చేస్తున్నాయి. విమానాల తయారీ చూసే మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ ఒక ధర ప్రకటించాడు: స్పిట్‌ఫైర్ ఒక్కటి 5,000 పౌన్లు. నిజానికి అంతకంటే ఎక్కువే అయ్యేది, కానీ జనానికి గుర్తుండేలా గుండ్రటి అంకె పెట్టారు. రూపాయికి షిల్లింగు ఆరు పెన్నీల మారకం ఉన్న రోజులు కాబట్టి మన లెక్కలో దాదాపు 67 వేల రూపాయలు. ఊరైనా, కంపెనీ అయినా, వలస దేశమైనా అంత సొమ్ము పోగుచేసి పంపితే, వాళ్లు చెప్పిన పేరు ఒక విమానం మీద రాసేవారు. పైలట్ కూర్చునే గూటి పక్కన, చిన్న అక్షరాల్లో. ఇంకా పెద్ద మొత్తం ఇచ్చిన రాజ్యాలకూ రాష్ట్రాలకూ ఏకంగా ఒక స్క్వాడ్రన్ పేరే దక్కేది.

నిజాం నవాబు మొదటి యుద్ధంనాడే ఈ పద్ధతిలో కానుక ఇచ్చాడు. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలు ఆయన కానుక, ప్రతి విమానం మీదా ఆ సంగతి రాసి ఉండేది. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకూ హైదరాబాదు పేరే పెట్టారు. నిజాం కథ కాబట్టి ఇది పుస్తకాలకెక్కింది. కానీ ఆ జాబితాలోనే మరో మూడు నంబర్లున్నాయి: 79, 234, 264. ఈ మూడింటి పేరు పక్కనా ఒకే మాట ఉంటుంది, మద్రాసు ప్రెసిడెన్సీ.

నిజాందంటే ఒక్కడి ఖజానా. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అటు విశాఖ జిల్లా నుంచి ఇటు మలబారు దాకా, మధ్యలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి. ఆ డబ్బు ఒక సంతకంతో వచ్చింది కాదు. పైన గవర్నరు పేరు మీద యుద్ధ నిధి ఉంటే, కింద కలెక్టరు, ఆయన కింద తహసీల్దారు, తహసీల్దారు కింద ఊరి మునసబు, కరణం. శిస్తు ఏ దారిన పైకి వెళ్లేదో చందా కూడా ఆ దారినే వెళ్లింది.

ఆ దారిని చివరి మెట్టు మీంచి చూసిన మావయ్య ఒకాయన ఉండేవారు మాకు. జగన్నాథపురంలో కాలవకు దగ్గర్లో ఇల్లు. బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకున్నారు. వాళ్ల నాన్నగారు రామచంద్రపురం వైపు ఒక చిన్న ఊరికి మునసబు. 1942 నాటికి మావయ్య పదేళ్ల కుర్రాడు, చదువుకోసం కాకినాడలో బంధువులింట్లో ఉండేవారు. చాలా ఏళ్ల కిందట, ఒక వేసవి సాయంత్రం, ఆయన అరుగు మీద కూర్చుని ఈ చందాల సంగతి చెప్పారు.

"వార్‌ఫండ్ అనేవాళ్లురా. మా నాన్న చేతిలో శిస్తు రశీదు పుస్తకం ఒకటి, చందా పుస్తకం ఒకటి. ఇష్టముంటేనే ఇవ్వండని తహసీల్దారు గారు చెప్పేవారు. అయితే తహసీల్దారు గారు ఊళ్లోకొచ్చి కుర్చీ వేసుక్కూర్చుని ఇష్టముంటే ఇవ్వమంటే, లేదనేవాడెవడు?"

"అంత ఇచ్చుకునే స్థితి ఉండేదాండీ అప్పుడు?" అన్నాను.

"ఎక్కడిదిరా? ముప్పై తర్వాత ధాన్యం ధర పడిపోయి, కళ్లంలో ఉన్నది అమ్మితే శిస్తుకే చాలేది కాదు. పెద్ద కామందులు వందలిచ్చారు, బిరుదులాశించో భయానికో. చిన్న రైతులు రూపాయి, అర్ధరూపాయి. ఒకామె కోడిపుంజు తెచ్చిందట. మా నాన్న అది అమ్మి ఆ డబ్బులు పుస్తకంలో రాశారు."

అదే కాలంలో గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టారు. 1940 అక్టోబరులో వినోబా భావేతో ఆరంభమైంది. ఒక్కొక్కరే రోడ్డు మీదికొచ్చి, ఈ యుద్ధానికి మనిషినిగానీ డబ్బునుగానీ ఇవ్వడం తప్పని నినదించి జైలుకు వెళ్లేవారు. గోదావరి జిల్లాల నుంచీ వెళ్లారు. ఒక పక్క డబ్బు ఇవ్వొద్దన్నవాడు జైల్లో, ఇంకో పక్క ఇవ్వక తప్పనివాడు మునసబు అరుగు ముందు. నాకు ఇద్దరి మీదా గౌరవమే. పుంజు తెచ్చిన ఆమె మీద ఇంకొంచెం ఎక్కువ.

ఇలా పోగైన సొమ్ము మూడు స్క్వాడ్రన్లకు పేరైంది. వాటి చరిత్ర చిన్నది కాదు. 264వ స్క్వాడ్రన్‌వి డిఫయంట్ అనే రెండు సీట్ల విమానాలు, వెనకవైపు తిరిగే తుపాకీ గూడు ఉండేది, ముందుకు కాల్చడానికి ఒక్క తుపాకీ లేదు. జర్మన్లు మొదట మోసపోయారు, తర్వాత ముందునుంచి వచ్చి కొట్టడం నేర్చుకున్నారు. 1940 ఆగస్టులో ఆ స్క్వాడ్రన్ ఘోరంగా దెబ్బతింది, ఆ తర్వాత రాత్రిపూట శత్రువును వెతికే పనికి మారింది. 234వది స్పిట్‌ఫైర్ల దళం, దక్షిణ ఇంగ్లండ్ తీరాన్ని కాచింది. 79వది హరికేన్ల దళం. లండన్‌ను కాచిన పేరున్న బిగిన్ హిల్ నుంచి పోరాడి, తర్వాత వేల్స్ తీరానికి వెళ్లింది. దాని చిహ్నం కింద లాటిన్‌లో ఒక మాట ఉంటుంది, తెలుగులో చెప్పుకుంటే: మమ్మల్ని ఏదీ ఆపలేదు.

ఆ పేర్లు చాలాకాలం బతికాయి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, తర్వాత మద్రాసు రాష్ట్రం పేరే తమిళనాడైంది. 79, 234 నంబర్లు మాత్రం మధ్యలో రద్దవుతూ, మళ్లీ లేస్తూ 1990ల దాకా బ్రిటన్‌లో నిలిచాయి.

ఇప్పుడు మన ఆకాశం సంగతి. లండన్ ఆకాశానికి ఇన్ని విమానాలు కొనిచ్చిన దేశానికి సొంత వైమానిక దళం ఎంత ఉండేదంటే, యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు నాటికి ఒకే ఒక్క స్క్వాడ్రన్. భారత వైమానిక దళం 1932 అక్టోబర్ 8న కాగితం మీద పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో నాలుగు వాపిటీ విమానాలతో ఎగరడం మొదలుపెట్టింది. వాపిటీ అంటే 1920ల నాటి రెండంతస్తుల రెక్కల విమానం. పైకప్పు లేదు, పైలట్ ముఖానికి గాలి నేరుగా కొడుతుంది. ఎంత తొందరపెట్టినా గంటకు 220 కిలోమీటర్లు దాటడం కష్టం.

ఇంత చిన్న దళంలోనూ ధైర్యానికి లోటు లేదు. 1942 ఫిబ్రవరిలో కె.కె. మజుందార్ నాయకత్వంలో ఒకటో స్క్వాడ్రన్ బర్మాలోని టౌంగూ చేరింది. వాళ్లకున్నవి లైసాండర్లు. సైన్యానికి ముందు దారి చూసి రావడానికి చేసినవే తప్ప దాడికి చేసినవి కావు. వాటికే బాంబులు తగిలించుకుని, సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోని జపాను విమాన స్థావరం మీద వేసి వచ్చారు. యుద్ధంలో చిన్న దళాల కథలు చదివే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క సంఘటన దగ్గర కాసేపు ఆగాలి. చేతిలో ఉన్నది చాలదని తెలిసీ వెళ్లినవాళ్లు వాళ్లు.

తీరాన్ని కాచే పని మాత్రం ఆ ఒక్క స్క్వాడ్రన్ వల్ల అయ్యేది కాదు. అందుకని స్వచ్ఛంద పైలట్లతో తీర రక్షణ దళాలు పెట్టారు. ఫ్లయింగ్ క్లబ్బుల్లో సరదాకు నేర్చుకున్నవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, కొందరు మనవాళ్లు, కొందరు తెల్లవాళ్లు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్, చివరిగా విశాఖపట్నం. వీళ్లకిచ్చినవి ఎక్కువగా ఆ పాత వాపిటీలూ వాటి తోబుట్టువుల్లాంటివే. సముద్రం మీదికి వెళ్లి ఓడలకు తోడు నడవడం, జలాంతర్గామి కనిపిస్తుందేమో చూడడం, తిరిగి రావడం. శత్రు విమానాన్ని ఎదుర్కోవడం వాళ్ల పనీ కాదు, వాటితో అయ్యేదీ కాదు. ఒరిస్సా సరిహద్దు నుంచి కృష్ణ దాకా అంత పొడవు తీరంలో శత్రువు మీదికి లేవగల యుద్ధవిమానం ఒక్కటి లేదు.

అప్పటికి భయం కాకినాడ చేరింది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. రంగూన్ రేవు కూలీల్లో తెలుగువాళ్లే ఎక్కువ. మన కోరంగి రేవు నుంచి తరాల తరబడి రంగం, అంటే రంగూన్, వెళ్లినవాళ్లు, వాళ్ల పిల్లలు. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు కొండలూ అడవులూ నడిచి బయటపడ్డారు. అడవిలోనే రాలిపోయినవాళ్లూ వేలమంది. కాకినాడకు తిరిగొచ్చినవాళ్లు బాంబంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పారు. కనక ఏప్రిల్‌లో విమానాలొచ్చినప్పుడు అవేమిటో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, జపాను వైస్ అడ్మిరల్ నగుమో నౌకాదళం కొలంబో మీద పడింది. అక్కడ నలభై దాకా బ్రిటిష్ యుద్ధవిమానాలు పైకి లేచి ఎదుర్కొన్నాయి, చాలా కూలిపోయాయి కూడా. అదే సమయంలో వైస్ అడ్మిరల్ ఒజావా ఇంకో దళంతో బంగాళాఖాతంలోకి వచ్చాడు. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, వెంట క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు. ఏప్రిల్ 6న ఆ దళాన్ని మూడు ముక్కలుగా విడదీసి మన తూర్పు తీరం పొడుగునా వేటకు వదిలాడు. వాళ్లకు కావలసింది సరుకు ఓడలు. కలకత్తా నుంచి మారిషస్ వెళ్తున్న ఇండోరా, దానితోపాటు డార్డనస్, గండారా ఓడల్ని మికుమా, మొగామి అనే క్రూయిజర్లు, అమగిరి అనే డిస్ట్రాయరు కలిసి ముంచేశాయి. ఆ కొద్ది రోజుల్లో మునిగిన ఓడలు ఇరవైకి పైనే. మికుమా కూడా ఎంతోకాలం బతకలేదు, సరిగ్గా రెండు నెలలకు, జూన్ 6న, మిడ్‌వే యుద్ధంలో అమెరికా విమానాల చేతిలో మునిగిపోయింది.

ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీదికీ కాకినాడ మీదికీ వచ్చాయి. ఆ నౌక మోసుకొచ్చిన నకజిమా బాంబర్లు గంటకు 370 కిలోమీటర్ల పైన పోగలవు. వాపిటీ వాటి వెంట పడినా అందుకోలేదు. బాంబులు వేసుకుని, తొందర లేకుండా వెనక్కి తిరిగి, నౌక మీద దిగాయి. ఎదురువెళ్లినవాళ్లు లేరు.

మావయ్య ఆ రోజు కాకినాడలోనే ఉన్నారు. ఆయన చెప్పింది చాలా తక్కువ. "చప్పుడు విన్నానురా. మా అత్త నన్ను మంచం కిందికి తోసి, తను పైన కూర్చుంది. ఆవిడ బరువుకి మంచం నవారు నా వీపుకి తగిలేది. నాకు బాంబుకంటే అదే గుర్తు." కాసేపాగి, "పైకి చూసినవాళ్లందరూ ఒకటే అడిగారు, మనవేవీ రావేం అని" అన్నారు.

ఆ వారం అంతా జనం ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. బండ్లు దొరకనివాళ్లు కాలవ గట్ల మీద నడిచారు. మద్రాసులో ప్రభుత్వమే పట్నం ఖాళీ చేయించి, కచేరీలను లోపలి ఊళ్లకు తరలించింది. జపాను బాంబులకు బోనులు పగిలి బయటికొస్తాయేమోనన్న భయంతో జంతు ప్రదర్శనశాలలో సింహాలనూ పులులనూ కాల్చి చంపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. ప్రభుత్వమే పరుగెత్తిన చోట పుంజు అమ్మి చందా ఇచ్చిన ఆమె ఎక్కడికి పోవాలి? ఆమె మాత్రం ఊళ్లోనే ఉందట.

ఈ కథ ఇక్కడికి అయిపోయిందనే నేననుకున్నాను. డబ్బు మనది, విమానం వాళ్లది, బాంబు మళ్లీ మనకు. మావయ్య అలా వదల్లేదు. బడిపంతులు కదా, అడిగి చెప్పించుకోవడం ఆయనకు అలవాటు.

"మూడు స్క్వాడ్రన్లు కదరా మన పేరున్నవి. ఆ సోమవారం నాడు అవి ఎక్కడున్నాయో చెప్పు చూద్దాం."

"ఇంగ్లండ్‌లోనే కదండీ మావయ్యా. ఇంకెక్కడుంటాయి?"

"మూడూనా?"

"మూడూనండీ."

ఆయన లోపలికెళ్లి ఒక పాత నోట్‌బుక్కు తెచ్చారు. ఎప్పుడో యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని రాసుకున్న కాగితాలు. గుండ్రటి అక్షరాలు, ఎర్ర సిరాతో గీతలు. ఒక పేజీ తిప్పి నా ముందు పెట్టారు.

"రెండు మాత్రం అక్కడే. 234, 264 దక్షిణ ఇంగ్లండ్‌లో. 79 చూడు."

చూశాను. బర్మా పడిపోతోంది, ఇండియాకు విమానదళాలు పంపాలని లండన్‌లో తీర్మానమైంది. పంపడానికి ఎంచుకున్నవాటిలో 79 కూడా ఒకటి. 1942 మార్చిలో ఆ స్క్వాడ్రన్ మనుషులు ఇంగ్లండ్ వదిలి మన దేశానికి ఓడెక్కారు. మధ్యధరా దారి మూసుకుపోయింది కాబట్టి ఆఫ్రికా మొత్తం చుట్టి రావాలి. వారాల ప్రయాణం.

"మా నాన్న పోగుచేసిన డబ్బు ఇంటిదారి పట్టిందిరా," అన్నారు మావయ్య. "కాకినాడ మీద బాంబులు పడిననాటికి నడిసముద్రంలో ఉంది."

ఆ ఏడాది మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్ మన దేశంలో దిగింది. కొత్త హరికేన్లు ఇచ్చి దాన్ని పంపింది కాకినాడకు కాదు, విశాఖకు కాదు. బెంగాలుకు, అక్కణ్ణించి బర్మా మీదికి.